ఇంటి కంప్యూటర్‌ చిట్టా

ఆదోని పత్తి మార్కెట్‌లో ఒక కమీషన్‌ దుకాణంలో లెక్కలు రాసే సోదరుడు ఆ మధ్య ఒక జుమా రోజున, నమాజు ముగిశాక మమ్మల్ని కలుసుకున్నారు. ఆయన కాపురం ఎమ్మిగనూరులో. రోజూ బస్సులో వచ్చి పోతుంటారు. ఇంట్లో ఒకటే కంప్యూటర్‌. డిగ్రీ చదివే కూతురు, ఇంటర్‌ చదివే కొడుకు దాని మీదే చదువుకుంటారు. పగలంతా తాను ఇంట్లో ఉండరు గనుక తెలిసిన కుర్రవాడితో అందులో ఒక ఏర్పాటు చేయించారు. ఆ కంప్యూటర్‌ బయటి ప్రపంచంతో కలిసిన ప్రతిసారీ తేదీ, సమయం, అవతలి చిరునామా ఒక ఫైలులో నమోదవుతాయి. ఈ సంగతి పిల్లలకు చెప్పలేదు. “దుకాణంలో చిట్టా లేకుండా ఒక్క మూట కూడా కదలదు కదా, ఇంట్లో మాత్రం ఎందుకుండకూడదు?” అన్నది ఆయన ఆలోచన.

ఒకనాడు ఫైలు తెరిచి చూస్తే రాత్రి రెండు గంటల వేళ వరుసగా నమోదులు కనిపించాయి. అందులోని ఒక అంకెల చిరునామాను ఇంటర్నెట్‌లో వెదికితే, అదే చిరునామాలో ఒక చెడ్డ సైటు కూడా ఉన్నట్టు తేలింది. ఆయన ఇంకేమీ అడగలేదు. వృద్ధురాలైన తల్లి ఎదుటే కూతుర్ని నానా మాటలూ అన్నారు. ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత ఆ కుర్రవాడే వచ్చి చూసి చెప్పాడు: ఆ రాత్రి కంప్యూటర్‌ను ఆపకుండా వదిలేశారు, వైరస్‌ను పట్టే ప్రోగ్రాం తనంతట తానే కొత్త సరుకు తెచ్చుకుంది, ఆ చిరునామా వేల సైట్లకు ఉమ్మడిగా ఉండే పెద్ద కంపెనీది.

“నేను చేసింది తప్పా? కాపరి తన మందను చూసుకోవద్దా?” అని ఆయన అడిగారు. ప్రశ్న సబబైనదే. ప్రతి ఒక్కరూ కాపరే, తన కింద ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు. మిమ్మల్నీ మీ కుటుంబాన్నీ నరకాగ్ని నుంచి కాపాడుకోండన్న దైవాజ్ఞ ‘తహ్రీమ్‌’ సూరాలో ఉంది. ప్రమాదాలూ ఊహించుకున్నవి కావు. పందెం ఆటలు ఇళ్లలోకి ఎంతగా చొరబడ్డాయంటే, మన రాష్ట్ర ప్రభుత్వం 2020లో జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌ జూదాన్ని నిషేధించవలసి వచ్చింది. కనుక తండ్రి కళ్లు మూసుకోవాలని మేము అనడం లేదు.

అయితే ఈ చిట్టా ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందు తెలుసుకోవాలి. విండోస్‌ కంప్యూటర్లలో ఫైర్‌వాల్‌ అనే కాపలా ప్రోగ్రాం ఉంటుంది. నమోదు చేసే శక్తి దానికి మొదటి నుంచీ ఉన్నా, మనం అడిగితే తప్ప చేయదు. అడిగితే ఒక్కొక్క వరుసలో తేదీ, సమయం, అనుమతించిందా అడ్డుకుందా, ఇక్కడి చిరునామా, అక్కడి చిరునామా, పోర్టు సంఖ్య రాస్తుంది. అక్కడ ఏం చదివారో, ఏం చూశారో రాయదు. కీబోర్డు ముందు ఎవరు కూర్చున్నారో రాయదు, అసలు ఎవరైనా కూర్చున్నారో లేదో కూడా రాయదు. ఒక వార్తాపత్రిక పేజీ తెరిస్తే చాలు, అందులోని ప్రకటనలు, బొమ్మలు, లెక్కింపు యంత్రాలు ఒక్కొక్కటి ఒక్కొక్క చోటికి పిలుపు పంపుతాయి. పదుల వరుసలు పడతాయి. వాటిలో మనిషి కోరి పంపింది ఒక్కటే. మార్కెట్‌లో ఇంత జాగ్రత్తగా ఉండే ఆ సోదరుడు, చిట్టాలో ఊరి పేరు మాత్రమే ఉండి మనిషి పేరు లేకపోతే ఎవరి ఖాతాలోనైనా అప్పు రాస్తారా? రాయరు. కూతురి ఖాతాలో మాత్రం రాసేశారు.

‘హుజురాత్‌’ సూరాలో అల్లాహ్‌ మూడు విషయాలను ఒకే ఆయతులో వరుసగా నిషేధించాడు. మొదట అనుమానం, తర్వాత కూపీలు తీయడం, ఆ తర్వాత పరోక్ష నింద. ఈ వరుసను గమనించండి. అనుమానం మనిషిని కూపీకి పంపుతుంది, కూపీలో దొరికిన ముక్క నాలుకపైకి ఎక్కుతుంది. ఆ ఇంట్లోనూ అదే జరిగింది, కాకపోతే ఇక్కడ నింద ఎదుటే జరిగింది. తెలియని దాని వెంట పడవద్దని, వినికిడి, చూపు, హృదయం అన్నిటినీ లెక్క అడగడం జరుగుతుందని ‘బనీ ఇస్రాయీల్‌’ సూరా హెచ్చరిస్తోంది. హజ్రత్‌ ఆయిషా (రజి)పై కపటులు అపవాదు లేవదీసినప్పుడు, విన్నవెంటనే తమవారి గురించి మంచిగా ఎందుకు తలచలేదని విశ్వాసులనే అల్లాహ్‌ నిలదీశాడు. బయటివారి మాటకే ఆ జాగ్రత్త అవసరమైతే, ఒక అంకెల వరుసకు ఎంత అవసరమో ఆలోచించాలి.

హజ్రత్‌ ఉమర్‌ (రజి) ఉదంతం ఒకటి ఉంది. ఆయన ఖలీఫా, మదీనా అంతటికీ కాపరి. హజ్రత్‌ అబ్దుర్రహ్మాన్‌ బిన్‌ ఔఫ్‌ (రజి)తో కలిసి రాత్రి గస్తీ తిరుగుతుండగా ఒక ఇంట్లో దీపం వెలుగుతోంది, లోపలి నుంచి గొంతులు గట్టిగా వినిపిస్తున్నాయి. అది ఫలానా వారి ఇల్లు, లోపల మద్యం సాగుతోందని ఉమర్‌ (రజి) అన్నారు. అల్లాహ్‌ వారించిన పనినే మనం చేశాం, కూపీ తీశామని అబ్దుర్రహ్మాన్‌ (రజి) బదులిచ్చారు. ఖలీఫా ఆ ఇంటిని వదిలి వెళ్లిపోయారు. మన దగ్గరున్న ఫైలు కంటే ఆ రాత్రి వారికి దొరికిన ఆధారం బలమైనది.

“మరి మన భుజాలపై కిరామన్‌ కాతిబీన్‌ అంతా రాస్తున్నారు కదా?” అని కొందరంటారు. మేమూ దీనిగురించి చాలా ఆలోచించాం. అవును, రాస్తున్నారు. కాని అల్లాహ్‌ ఈ విషయం దాచలేదు. రాసేవారున్నారని ముందే చెప్పాడు. ప్రళయదినాన ఆ గ్రంథాన్ని ఎవరిది వారి చేతికే ఇచ్చి, నువ్వే చదువుకో అంటాడు. చెడు తలచి, అల్లాహ్‌ కోసం దాన్ని మానుకున్న వానికి ఒక పుణ్యం రాయాలన్నది ఆయన ఆజ్ఞ. సర్వం తెలిసిన ప్రభువే తన దాసులకు ముందుగా చెప్పి, చివరికి వారి చేతికే ఇచ్చి చదివిస్తుంటే, ఏమీ తెలియని తండ్రి చెప్పకుండా రాసి, చూపకుండా తీర్పు ఇవ్వడం ఏ పోలికకు నిలుస్తుంది?

మన దేశ చట్టం కూడా ఈ దిశలోనే నడుస్తోంది. ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఇంకో వైపు, కంపెనీలు తమ కంప్యూటర్ల నమోదులను 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర సంస్థ ఆదేశించింది. దొంగ వచ్చి పోయాక జాడ దొరకాలన్నది దాని ఉద్దేశం. ఇల్లు కూడా ఈ మేరకు జాగ్రత్తపడవచ్చు. ఎవరో తెలియని ప్రోగ్రాం కంప్యూటర్‌లో దూరి బ్యాంకు వివరాలను బయటికి చేరవేస్తుంటే ఆ ఫైలే పట్టిస్తుంది. దొంగను పట్టడానికి పెట్టుకున్న కుక్కను ఇంట్లోవారి మీదికి ఉసిగొల్పరాదన్నదే మా మాట.

కాబట్టి ఆ సోదరునితో ఇలా అన్నాం. చిట్టాను తీసివేయనక్కర లేదు. ఉన్నదని ఇంట్లో అందరికీ చెప్పండి, చుట్టపుచూపుగా వచ్చి కంప్యూటర్‌ ముట్టుకునే మేనల్లుడికి సైతం. పిల్లల సమక్షంలోనే తెరవండి. అర్థం కాని వరుస కనబడితే “ఇదేమిటమ్మా?” అని అడగండి, “నువ్వేం చేశావు?” అని కాదు. చిన్న పిల్లలున్న ఇళ్లలో చెడ్డ సైట్లు అసలు తెరుచుకోకుండా ముందే అడ్డుకట్ట వేయడం, తర్వాత కూపీలు తీయడం కంటే ఎంతో మేలు. కంప్యూటర్‌ను నలుగురూ తిరిగే గదిలో పెట్టడం ఇంకా సులువు.

ఇంకొక మాట కూడా చెప్పవలసి వచ్చింది. నింద నానమ్మ ఎదుట వేశారు గనుక, దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా నానమ్మ ఎదుటే జరగాలన్నాం. ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నారు. కూతురి ముందు తండ్రి తలవంచడమా అన్న సందేహం ముఖంలో కనబడింది. దాసుల హక్కు దాసులే మన్నించాలి కదా అని మేము గుర్తుచేశాం.

కొన్ని వారాల తర్వాత మళ్లీ కలిశారు. తల్లి ఎదుటే చెప్పానన్నారు. ఇప్పుడు ఆదివారాలు కూతురే ఫైలు తెరిచి ఒక్కొక్క వరుస అబ్బాకు విడమరిచి చెబుతోందట. ప్రింటర్‌తో పాటు వచ్చిన ప్రోగ్రాం ఒకటి గంటగంటకూ తన కంపెనీకి కబురు పంపుతుంటే పట్టుకుని దాన్ని ఆపించింది కూడా. రాత్రి తొమ్మిది దాటితే మాత్రం ఆ అమ్మాయి ఇంకా కంప్యూటర్‌ ముట్టుకోవడం లేదని చెప్పి, ఆయన ఎమ్మిగనూరు బస్సుకు వెళ్లిపోయారు.