పదోసారి అడిగినా…



నల్గొండ జిల్లా మీదుగా పోయే హైదరాబాద్–విజయవాడ 65వ నంబర్ హైవే మీద బైక్ యాక్సిడెంట్లు మనకు తెలియనివి కావు. తలకు దెబ్బ తగిలిన మనిషి ప్రాణం దక్కి ఇంటికొస్తాడు. కానీ అడిగిందే పదిసార్లు అడుగుతాడు, అన్నం పెట్టే అమ్మనే కసురుకుంటాడు. ఆ కోపం చాలాసార్లు గాయం వల్ల వచ్చిందే.

యుద్ధంలో లక్ష్మణుడు పడిపోతే సుషేణుడు మందు చెప్పాడు, హనుమంతుడు కొండనే తెచ్చాడు. లక్ష్మణుడు వెంటనే లేచాడు. మన ఇండ్లల్లో అట్ల కాదు, నెలలు, ఏండ్లు పడుతుంది. అందుకే పదోసారి అడిగినా ఓపికగా జవాబు చెప్పడం కూడా ఒక జపమే.

అయితే ఆ భారం ఒక్కరే మోయలేరు. తమ్ముడి కోసం రాముడికే ఇద్దరి సాయం కావాల్సొచ్చింది. చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కుకోండి, డాక్టర్ చెప్పిన ఫిజియోథెరపీ మానకండి. సిటీలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ ఆదివారం ఊరికి పోయి ఆయన పక్కన ఒక్కపూట మీరు కూర్చోండి. ఆ అమ్మను కాసేపు నిద్రపోనివ్వండి.

జై హనుమాన్!