ఒక గింజ, మూడు మొలకలు

ఒక ఊళ్లో ఇద్దరు తోడికోడళ్లు. ఉమ్మడి పెరడును చెరి సగం పంచుకుని కూరగాయలు పండించేవారు. ఒక ఏడాది దీపావళి వెళ్లగానే ఒకే పొట్లంలోని బీట్‌రూట్ గింజలను రాత్రంతా నానబెట్టి, తెల్లారి ఎవరి మడిలో వాళ్లు అర అంగుళం లోతున నాటారు.

వారం తిరిగేసరికి ఎర్రటి కాడలతో మొలకలు లేచాయి. ఒక్క గింజ వేసిన చోట రెండు, కొన్నిచోట్ల మూడు! చిన్న కోడలి సంబరం అంతా ఇంతా కాదు. నిజానికి బీట్‌రూట్ గింజ అని మనం నాటేది ఒక్క గింజ కాదు. పూలగుత్తి ఎండి, గరుకుగా ఉండకట్టిన కాయ అది. లోపల రెండు నుంచి నాలుగు దాకా విత్తనాలుంటాయి.

మొలకలు వేలెడెత్తు పెరిగాక పెద్ద కోడలు కత్తెర పట్టుకుని మడి పక్కన కూర్చుంది. గుంపులో బలమైన దాన్ని ఉంచి, మిగతావాటిని నేలమట్టానికి కత్తిరించింది. పీకితే పక్కమొక్క వేరు కదిలిపోతుందని ఆమె జాగ్రత్త. మొక్కకూ మొక్కకూ నాలుగు వేళ్ల ఎడం ఉంచింది.

"నీళ్లు పోసిన చేత్తోనే కోసేస్తున్నావా అక్కా! నాకైతే చేతులు రావు" అంది చిన్న కోడలు.

"కోసినవేం వృథా కావులే చెల్లీ, పప్పులో వేస్తాను. ఉన్నవాటికి చోటు కావాలి కదా."

చిన్న కోడలు ఒక్క మొలకనూ ముట్టుకోలేదు. అన్నీ బతకాలని ఇంకాస్త యూరియా చల్లింది. ఆకు ఏపుగా లేచింది. మట్టి కనబడనంత పచ్చదనం! వచ్చినవాళ్లంతా ఆ మడినే మెచ్చుకున్నారు.

సంక్రాంతికి దుంపలు తీశారు. పెద్ద కోడలి మడిలో అవి అప్పటికే భుజాలు పైకి పెట్టి గుండ్రంగా కనిపిస్తున్నాయి. చిన్న కోడలి మడిలో ఆకులు పట్టి లాగితే ఒకదానికొకటి పెనవేసుకున్న సన్నటి వేర్లు వచ్చాయి.

"ఏ తెగులు పట్టిందో అక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"తెగులేం లేదు. ఒక్క పీట మీద ముగ్గుర్ని కూర్చోబెట్టావు. పైగా యూరియా ఆకును పెంచింది గానీ దుంపను ఊరనివ్వలేదు" అంది పెద్దామె.

నీతి: దేన్నీ వదులుకోలేని జాలి దేన్నీ ఎదగనివ్వదు.

చిన్న కోడలిది అత్యాశ కాదు, ప్రేమే. ఆ ప్రేమతోనే మనం బడి నుంచి వచ్చిన బిడ్డను సంగీతానికీ, కరాటేకూ, చిత్రలేఖనానికీ, ట్యూషన్‌కూ ఒకే సాయంత్రం పరుగెత్తిస్తాం. అన్నీ మంచివే. పిల్లకు ఏది ఇష్టమో చూసి, దాన్ని ఉంచి, మిగతావి మానిపించడం కఠినంగా తోస్తుంది. అయినా ఆ పని తల్లిదండ్రులు కాక ఎవరు చేస్తారు?

ఈసారి చలికాలం పంటగా బీట్‌రూట్ వేసేవాళ్లు మొలకలు వేలెడెత్తు కాగానే కత్తెర తీయండి. ఒక్కో చోట ఒక్క మొక్కనే ఉంచండి. కోసిన లేతాకులు ఆ పూట పప్పులో వేసుకోండి.