గెలిచిన తర్వాత బాధ



ఈ మధ్య మా విచారణలో ఒక ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్లాను. జపం ముగిసింది, కాఫీ వచ్చింది. ఇంటి పెద్దబ్బాయి మాత్రం ఓ మూల ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. "చూడండి ఫాదర్ గారూ, కంప్యూటర్‌లో ఆట అయిపోయిందని రాత్రి నుండి వీడికి అన్నం సయించడం లేదు" అని తల్లి ఫిర్యాదు చేసింది. నేను నవ్వి, "ఓడిపోయావా బాబూ?" అన్నాను.

"లేదు ఫాదర్, గెలిచాను. అదే బాధ" అన్నాడు.

కాఫీ గ్లాసు పక్కన పెట్టి అతని దగ్గరకు జరిగాను.

అతడు ఆడింది 'స్టార్ వార్స్: నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్' రెండవ భాగం. అమెరికాలో అబ్సిడియన్ అనే సంస్థ తయారు చేయగా లూకాస్ ఆర్ట్స్ వారు 2004 డిసెంబరులో, క్రిస్మస్ అమ్మకాల వేళకు, విడుదల చేశారు. పాత ఆటే, కాని నేటికీ ఆడేవారున్నారు. అది పెద్ద నవల వంటిదట. దారిలో తోడుగా చేరినవారితో మాట్లాడాలి, వారి గతం తెలుసుకోవాలి, మంచి వైపో చెడు వైపో నిర్ణయించుకోవాలి. తీరా చివరి గ్రహానికి చేరేసరికి ఆ తోడువారు దాదాపు కనుమరుగైపోతారు. వారేమయ్యారో చూపరు. ఒక వృద్ధురాలు నాలుగు మాటల్లో వారి భవిష్యత్తు చెప్పేస్తుంది, ఓడ ఎగిరిపోతుంది, పేర్లు పడతాయి. గడువు తరుముతుంటే తయారీదారులు ఎన్నో సన్నివేశాలను, ఒక గ్రహాన్నంతటినీ తీసివేశారు.

"ఇంతకాలం వాళ్లతో నడిచాను ఫాదర్. కనీసం వీడ్కోలైనా చెప్పనివ్వాలి కదా!"

తల్లిదండ్రులారా, మనం ఇక్కడే పొరబడతాం. ఆట వ్యర్థం కనుక బాధ కూడా వ్యర్థమే అనుకుంటాం. రాత్రంతా మేల్కొని ఆడడాన్ని నేను సమర్థించడం లేదు. పరీక్షలున్నాయి, నిద్ర ఉంది. కాని మొదలైన కథకు ముగింపు కోరడం తప్పెలా అవుతుంది? సీరియల్ మధ్యలో కరెంటు పోతే మనం ఏమంటామో మన గోడలకు తెలుసు. 2004 నవంబరులో వచ్చిన 'హేలో 2' కూడా కథానాయకుడు పోరు ముగించడానికి బయలుదేరగానే ఆగిపోయింది. ఆ తరువాతి భాగం 2007 సెప్టెంబరులో గాని రాలేదు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు గోపురం కట్టబూనిన వాని గురించి చెబుతారు. ఖర్చు లెక్కచూసుకోకుండా పునాది వేసి ఆపేస్తే చూసినవారు నవ్వుతారు. ఈ ఆట విషయంలో చూసినవారు నవ్వి ఊరుకోలేదు. కొందరు ఆటగాళ్లు అందులో మిగిలిపోయిన ముక్కలను, రికార్డు చేసి వాడకుండా వదిలేసిన మాటలను వెదకి, జీతం భత్యం లేకుండా ఏళ్ల తరబడి అతికి, 2012 నాటికి చాలా వరకు పూర్తి చేశారు. 2022లో ఆ ఆటను నింటెండో స్విచ్ మీదకు తెచ్చిన ఆస్పైర్ సంస్థ ఈ భాగాన్ని కూడా ఇస్తామని చెప్పి, 2023లో విరమించుకుంది. గోపురం మళ్లీ మధ్యలోనే!

నేను ఆ అబ్బాయికి మార్కు సువార్త 16వ అధ్యాయం తీసి చూపించాను. 4వ శతాబ్దపు వాటికన్, సీనాయి ప్రతుల్లో ఆ సువార్త 8వ వచనంతోనే ఆగిపోతుంది. స్త్రీలు సమాధి నుండి పారిపోయారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. అంతే. ఉత్థాన ప్రభువు ఇంకా కనబడనేలేదు. తరువాతి వచనాలను కూడా శ్రీసభ పవిత్ర గ్రంథ భాగంగానే స్వీకరించింది, అందులో సందేహం లేదు. 2024 పాస్కా జాగరణలో మనం విన్న మార్కు పఠనమైతే 7వ వచనం దగ్గరే ముగిసింది, గమనించారా? పండుగ రాత్రి ఆ భయం మాట ఎందుకనుకున్నారేమో!

"అయితే మార్కు గారికి కూడా గడువు చాలలేదా ఫాదర్?" అన్నాడు.

చివరి పుట పోయిందని కొందరు పండితులు, కావాలనే అక్కడ ఆపాడని మరికొందరు అంటారు. నాకు రెండవదే సబబనిపిస్తుంది. ఎందుకంటే ఆగడానికి ముందు ఒక కబురుంది. ప్రభువు గలిలీయకు ముందుగా వెళుతున్నారు, శిష్యులు అక్కడ ఆయనను చూస్తారు. గలిలీయ అంటే కథ మొదలైన చోటు. పైగా ఆ కబురు పేతురుకు పేరుపెట్టి మరీ అందజేయమన్నారు. ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురుకు!

అతడు కాసేపు ఆలోచించి, "వాళ్లు తర్వాత ఎవరికో చెప్పే ఉంటారు ఫాదర్. లేకపోతే మనకెలా తెలుస్తుంది?" అన్నాడు. నాకు ఈ సంగతి ఏ ప్రసంగంలోనూ తట్టలేదు.

తిరిగి వస్తుంటే దారిలో ఆ గోపురం నన్నే చూసి నవ్వినట్లయింది. తొమ్మిదేళ్ల క్రితం ఒక విచారణలో ఇద్దరు అన్నదమ్ముల పొలం తగాదా తీర్చడానికి పూనుకున్నాను. అన్నను ఒప్పించాను. తమ్ముడు ఆలోచించుకుంటానన్నాడు. ఇంతలో నాకు బదిలీ వచ్చింది, వీడ్కోలు సభ జరిగింది, శాలువా కప్పారు. ఆ తమ్ముని గడప మళ్లీ తొక్కలేదు. ఇప్పటికీ ఆ అన్నదమ్ములు గుడిలో చెరో పక్క కూర్చుంటారని విన్నాను.

వచ్చే గురువారం ఆ ఊరు వెళుతున్నాను. అన్నకు కబురు చేశాను. తమ్ముడు తలుపు తీస్తాడో లేదో తెలియదు. ఆ సాయంత్రం మీ కుటుంబ జపమాలలో ఒక గురుతును ఆ ఇద్దరి కోసం ఒప్పగించండి.