తిరిగి రావడం కూడా నడకే

మా బనగానపల్లె పక్కనే రవ్వలకొండ ఉంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి అచ్చమ్మగారి ఆవులను కాస్తూ కాలజ్ఞానం రాసింది అక్కడి గుహలోనేనని చెప్పుకుంటారు. రాబోయే కాలాన్నంతా చెప్పిన చోటే గానీ, ఈ సాయంత్రం వాన వస్తుందో రాదో మాత్రం ఎవరూ చెప్పలేరు! నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే సరుకంతా దించేసి, మా సీమకు చేరేసరికి ఉత్త గాలి మిగుల్చుకుని వస్తాయి. అందుకే ఇక్కడ కొండెక్కబోయేవాళ్ళు మబ్బును చూసి జంకరు. "యాడొస్తాదిలే వాన!" అని బయల్దేరతారు.

ఆ రానిది కాస్తా వచ్చేస్తేనే చిక్కు. యాగంటిలో అగస్త్యుడి గుహకెక్కే నిలువు మెట్లు, అహోబిలంలో భవనాశిని వెంట జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే రాళ్ళదారి ఎండలో ఎంత నమ్మకంగా ఉంటాయో, తడిస్తే అంత మోసం చేస్తాయి. ఈదురుగాలికి తడిచీర కాళ్ళకు చుట్టుకుంటుంది. అప్పుడు పుడుతుంది అసలు ప్రశ్న: సగం దూరం వచ్చాం, ముందుకా, వెనక్కా?

భర్తృహరి సుభాషితం బడిలో వల్లె వేయనివాళ్ళు మనలో తక్కువ. ఆటంకాలకు జడిసి పని మొదలే పెట్టనివాళ్ళు అధములు, మధ్యలో వదిలేసేవాళ్ళు మధ్యములు, ఎన్ని అడ్డొచ్చినా వదలనివాళ్ళు ధీరులు. మంచిమాటే. పరీక్షలకూ, పిల్లల పెంపకానికీ పనికొస్తుంది. కానీ వాగు పొంగుతుంటే వెనుదిరిగిన మనిషిని కూడా మధ్యముల్లో చేర్చాలా?

నాకలా తోచదు. ఇబ్బంది వేరు, ప్రమాదం వేరు. చీర తడవడం, చలికి వణకడం ఇబ్బంది. వాటికే వెనుదిరిగితే సుభాషితం తిట్టినా పడాల్సిందే. నీళ్ళ అడుగున రాయి కనపడకపోవడం ప్రమాదం. పైగా కొండమీద ఎవరి ప్రాణమూ వాళ్ళొక్కరిదే కాదు. జారిపడిన మనిషిని మోసుకురావలసింది పక్కవాళ్ళు. చీకట్లో వెతకబోయేది ఊరివాళ్ళు. నా పట్టుదలకు వాళ్ళ ప్రాణాలు తాకట్టు పెట్టే హక్కు నాకెక్కడిది?

మరి మొక్కు మాటేమిటంటారా? 2021 నవంబరులో కుండపోత వానలకు తిరుమల కొండకు పోయే నడకదారులు అలిపిరి, శ్రీవారిమెట్టు రెండూ మూసేశారు. ఏడుకొండలవాడి దారే ఆగిపోయిందంటే, ఆగినవాళ్ళ భక్తి తరిగినట్టా? మొక్కు ఆలస్యమైందని వడ్డీ లెక్కగట్టడానికి దేవుడేం షావుకారు కాదుగా!

అయితే మన ఆడవాళ్ళ చిక్కు ఇంకొకటుంది. భయం వేసినా నోరు విప్పం. నా మూలంగా అందరి సరదా పాడవుతుందేమోనని పళ్ళబిగువున అడుగులు వేస్తాం. వింతేమిటంటే, ముందు నడిచే వదినా, వెనకొచ్చే తోడికోడలూ సరిగ్గా అదే అనుకుంటూ ఉంటారు! అందరూ ఊరుకోవడం చూసి అందరికీ ధైర్యంగానే ఉందని అందరూ అనుకుంటారు. అలాంటప్పుడు "ఇంక చాలు, తిరిగి పోదాం పదండి" అని మొదట అన్న మనిషి పిరికిదెలా అవుతుంది? మనసులో ఉన్న భయాన్ని పైకి చెప్పడానికి, ఆ తరువాత నాలుగు వేళాకోళాలు భరించడానికి, రాళ్ళెక్కడం కంటే ఎక్కువ గుండె కావాలి.

కొండ ఎక్కడికీ పోదు. సీమలో వానే అరుదు, పిలవగా పిలవగా వచ్చే చుట్టం. ఇంటికి చుట్టం వచ్చిన రోజు మన ప్రయాణం వాయిదా వేసుకోవడం మనకేమైనా కొత్తా?