బండి ఎందుకు కదలనంది?

ఒక సందర్భం ఊహించుకుందాం. ఆదివారం, పొద్దు గూకే వేళ. నాగార్జునసాగర్ చూసి హైదరాబాద్ తిరిగొస్తున్న ఒక జంట ఇబ్రహీంపట్నంలో చాయ్ తాగడానికి ఆగారు. వెనక సీట్లో పిల్లాడు నిద్రపోతున్నాడు. చాయ్ తాగొచ్చి తాళం తిప్పితే ఇంజన్ స్టార్టయింది. ఆటోమేటిక్ కారది. గేర్ లివర్ మాత్రం 'పి' దగ్గరే బిగుసుకుపోయింది. బ్రేక్ తొక్కి లాగినా రాదు. పెట్రోలుంది, టైర్లలో గాలుంది, బండి మాత్రం కదలనంటోంది.

పక్క షెడ్డులోంచి ఒక మెకానిక్ వచ్చాడు. లివర్ పక్కనున్న చిన్న ప్లాస్టిక్ మూతను గోటితో లేపి, స్క్రూడ్రైవర్ మొనతో లోపల నొక్కి, లివర్‌ను 'ఎన్'లోకి లాగాడు. వచ్చేసింది.

"ఏం గాదు సార్. ఇగ ఇంటిదాక యాడ పార్క్‌ల వెట్టకుండ్రి. పొద్దుగాల షోరూంల చూపెట్టుకోండ్రి."

అతను చెప్పింది పని చేసే సలహానే. బండి కదిలింది. కానీ బాగైందా? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు, బండి ఎందుకు మొరాయించిందో చూడాలి. 'పి'లో పెట్టినప్పుడు గేర్‌బాక్స్ లోపల ఒక ఇనుప కొక్కెం పళ్ళచక్రంలో దిగబడి చక్రాల్ని కదలనివ్వదు. హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా వాలు మీద ఆపితే బండి బరువంతా ఆ కొక్కెం మీద పడి, లివర్ గట్టిగా లాగితే గానీ రాదు. అది వేరే సంగతి. మామూలుగా అడ్డుపడేది లివర్ కిందుండే ఇంకో చిన్న గొళ్ళెం. అది విద్యుత్తుతో తెరుచుకుంటుంది. తాళం ఆన్‌లో ఉండాలి, కాలు బ్రేక్ మీద ఉండాలి. అప్పుడే 'టిక్'మని విడుస్తుంది. మరి కాలు బ్రేక్ మీద ఉందని దానికెవరు చెబుతారు? పెడల్ పైన, వేలెడంత స్విచ్చి ఒకటుంటుంది. చాలా కార్లలో వెనక ఎర్రదీపాలు వెలిగించేదీ ఆ స్విచ్చే.

అందుకే తెలిసిన మెకానిక్ లివర్‌ను తాకకముందే ఒక పని చేస్తాడు. బ్రేక్ తొక్కమని, వెనక్కి వెళ్ళి చూస్తాడు. బ్రేక్ దీపాలన్నీ వెలిగి, 'టిక్' శబ్దం మాత్రం రాకపోతే లోపం గొళ్ళెంలోనో దాని వైరులోనో ఉంది. ఒక్కటే వెలగకపోతే బల్బు పోయింది. ఏదీ వెలగకపోతే స్విచ్చి గానీ, దాని ఫ్యూజు గానీ పోయాయి. మన ఊహలో ఈ పని చేసింది భార్య. "నువ్వు తొక్కు, నేను చూస్తా" అని వెనక్కి వెళ్ళింది. "ఒక్కటి కూడా వెలగట్లేదు" అంది.

అంటే సంగతి మారిపోయింది. ఆ బండి సాగర్ నుంచి ఇక్కడిదాకా బ్రేక్ దీపాలు లేకుండానే వచ్చి ఉండొచ్చు. దారిలో ఎన్నిసార్లు బ్రేక్ తొక్కారో అన్నిసార్లూ వెనకవాళ్ళకి ఏమీ తెలియలేదు. నడిపే మనిషికీ తెలియలేదు. బ్రేక్ దీపం విచిత్రం ఇదే: దానికి డబ్బులు పెట్టేది మనం, వెలిగించేది మనం, చూసేది మాత్రం వేరే వాడు. చీకట్లో గోడకి వెనకగా ఆపి అద్దంలో ఎర్రటి వెలుగు పడుతుందేమో చూసుకోవచ్చు, అంతే. లేకపోతే ఇంకో మనిషిని అడగాల్సిందే.

కాబట్టి ఆ స్విచ్చి పోతే రెండు నష్టాలు. బండి కదలకపోవడం మనకి. దీపం వెలగకపోవడం వెనకవాడికి. స్క్రూడ్రైవర్ మొన మొదటిదాన్ని అర నిమిషంలో తీరుస్తుంది. రెండోదాన్ని ముట్టుకోదు. పైగా మొదటిది తీరిపోయాక రెండోది మనకి గుర్తుండే అవకాశమే తక్కువ. ఇప్పటిదాకా దాన్ని గుర్తుచేసింది మన అసౌకర్యమే కదా.

ఈ గొళ్ళెం ఎందుకొచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1986 నవంబర్‌లో అమెరికాలో ఒక టీవీ కార్యక్రమం ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని చూపించింది. పెద్ద గొడవైంది. 1989లో అక్కడి ప్రభుత్వ పరిశీలన చాలా ఘటనలకి కారణం బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమేనని తేల్చింది. ఆ గొడవ నడుస్తుండగానే ఆడి తన కార్లకి ఈ గొళ్ళెం బిగించింది. తరవాత మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. పిల్లలు ఆడుతూ లివర్ లాగేసి బండి దొర్లిపోయే ప్రమాదాల వల్ల, 2010 సెప్టెంబర్ నుంచి అమెరికాలో తయారయ్యే ఆటోమేటిక్ కార్లకి ఇది చట్టమైంది.

దీనికి ముందు ఇంకో కట్టడి వచ్చి ఓడిపోయింది. 1974 మోడల్ అమెరికన్ కార్లు సీటు బెల్టు పెట్టుకుంటే గానీ స్టార్టయ్యేవి కావు. జనం మండిపడ్డారు. ఆ ఏడాది చివర్లోనే అక్కడి కాంగ్రెస్ ఆ నియమాన్ని ఎత్తేసింది. బెల్టు కట్టడి ఓడి, బ్రేక్ కట్టడి నిలవడానికి కారణం నాకైతే ఒకటే కనిపిస్తుంది. రెండోది మనం ఎలాగూ చేసే పనినే అడుగుతుంది. మన ఇష్టానికి అడ్డురాని కట్టడిని మనం కట్టడి అనుకోం. అడ్డొచ్చిన రోజు దానికి కారణం అడగం, మూత ఎక్కడుందో వెతుకుతాం.

మన దగ్గరా బెల్టు కథ నడిచింది. బెల్టు పెట్టుకోకుండానే అలారం నోరు మూయించే క్లిప్పులు ఆన్‌లైన్‌లో దొరికేవి. 2023 మేలో కేంద్ర వినియోగదారుల సంస్థ అయిదు అమ్మకపు వేదికల్ని వాటిని తీసెయ్యమంది. ఆ క్లిప్పు పెట్టినవాడు కారుకి అబద్ధం చెబుతున్నాడు. యంత్రానికి అబద్ధం చెప్తే తప్పేంటి, దానికేమైనా మనసుందా అని అడగొచ్చు. లేదు. కానీ యంత్రం వినేది ఒక్కోసారి మన కోసం, ఒక్కోసారి ఇతరుల కోసం. బెల్టు విషయంలో మోసపోయేది ఎక్కువగా మనమే. (ఎక్కువగా అనడం ఎందుకంటే, వెనక సీట్లో బెల్టు లేనివాడు గుద్దుడు జరిగితే ముందువాడి మీద పడతాడు.) బ్రేక్ స్విచ్చి విషయంలో మోసపోయేది మనకి పేరు కూడా తెలియని మనిషి.

ఈ మోసానికి ఇంకా ముదిరిన రూపం ఒకటుంది. కొందరు స్విచ్చికి వెళ్ళే రెండు వైర్లూ కలిపేస్తారు. అప్పుడు బండి, కాలు ఎప్పుడూ బ్రేక్ మీదే ఉందనుకుంటుంది. గొళ్ళెం ఇంకెప్పుడూ అడ్డురాదు. వెనక దీపాలు మాత్రం ఆరకుండా వెలుగుతూనే ఉంటాయి. పెడల్ దగ్గరుండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ పాతబడి విరిగిపోయినా ఇదే జరుగుతుంది. అప్పుడు కారు ఏ పేచీ పెట్టదు, యజమానికి ఏ ఇబ్బందీ ఉండదు. మహా అయితే పొద్దున్నే బ్యాటరీ పడిపోతుంది. వెనకవాడికి మాత్రం ఎప్పుడూ వెలిగే దీపం, ఎప్పుడూ వెలగని దీపం ఒకటే. కాబట్టి కదలనని మొరాయించడం ఆ కారు మంచితనమేమీ కాదు. స్విచ్చి ఒక వైపుకి పాడైతే మొరాయిస్తుంది, రెండో వైపుకి పాడైతే నోరు మూసుకుని పోతుంది.

మెకానిక్‌ని తప్పుపట్టడం నాకిష్టం లేదు. ఆ మూత పెట్టింది అతను కాదు, కారు చేసినవాళ్ళే. తాము పెట్టిన కట్టడి తప్పు సమయంలో బిగుసుకోవచ్చని వాళ్ళకి తెలుసు. నడిరోడ్డు మీద ఆగిపోయిన బండిని, నీళ్ళొస్తున్న చోట నిలిచిన బండిని పక్కకి తియ్యాలి కదా. ఏ మినహాయింపూ లేని నియమం కంటే ఇలా దారి వదిలిన నియమమే తెలివైనదని నేననుకుంటాను. అయితే ఆ మూత అడిగేది 'పక్కకి తియ్యనా' అని. 'ఇంటికి పోనా' అన్నది వేరే ప్రశ్న.

ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్ దాదాపు 30 కిలోమీటర్లు. సాయంత్రం సాగర్ రోడ్డు మీద కాలేజీ కుర్రాళ్ళ బైకులు, ఆదిభట్ల ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు, లారీలు, వెనక దీపమే లేని ట్రాక్టర్ ట్రాలీలు. ట్రాలీకే లేనప్పుడు నాకెందుకు అనే మాట ఇక్కడ తేలిగ్గా నోటికొస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో దాదాపు 44 శాతం బైకుల మీదివాళ్ళే. కారు వెనక పదడుగుల దూరంలో వచ్చే కుర్రాడికి ఆ ఎర్రదీపం తప్ప వేరే కబురు లేదు.

మన ఊహలోని భర్త "హజార్డ్ లైట్లు వేసుకుని మెల్లగా పోదాం" అన్నాడు. అవి ఆ స్విచ్చితో పనిలేకుండా వెలుగుతాయి, నిజమే. కానీ అవి ఆపకుండా మిణుకుతుంటే బ్రేక్ ఎప్పుడు పడిందో ఎవరికి తెలుస్తుంది? భార్య ఏమీ అనలేదు. మెకానిక్ వైపు తిరిగి, "అన్నా, ఆ స్విచ్చి ఇక్కడ దొరుకుతదా?" అని అడిగింది.

"ఆదివారం గదక్కా, దుకాణం బంద్ ఉంటది. ఫ్యూజైతే నా దగ్గరుంది. ముందుగాల అదేసి సూద్దాం, పట్టు" అంటూ అతను టార్చి ఆమె చేతికిచ్చి స్టీరింగ్ కిందికి వంగాడు.