మొదట ఏ కోట?

ఇటలీకి తొలిసారి పోయేవాళ్ళకు ఒక తగువు తప్పదంట. రోమ్ ముందా, ఫ్లోరెన్స్ ముందా? ఒకటి టైబర్ ఒడ్డున, ఇంకొకటి ఆర్నో ఒడ్డున. ఏ నది నీళ్ళు ముందు చూడాలో తేల్చుకుంటే తగువు సగం తీరినట్టే. మా సింహాద్రిపురంలో అలాంటి తగువే ఒకటుంది గానీ అది అంత సులువుగా తీరదు. మా రెండు ఊర్లూ ఒకే నది ఒడ్డున ఉన్నాయి. పెన్నకు ఎగువన గండికోట, దిగువన సిద్ధవటం. రెంటికీ గోడలున్నాయి, గుళ్ళున్నాయి, మసీదులున్నాయి, పోయిన రాజులున్నారు. కడప జిల్లాను ఇంతవరకు కన్నెత్తి చూడనివాళ్ళు మొదట దేని వాకిట్లో కాలు పెట్టాల?

సెలవులకు బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన పిల్లలు "యాడికి పోదాం మామా?" అని అడిగితే, అరుగు మీద పదిమంది కూర్చోనుంటే తొమ్మిది మంది "గండికోటకు పోండబ్బీ, ఇంగేముంది" అంటారు. పదోవాణ్ణి నేను. నేనెందుకు వేరుగా అంటానో చెప్పే ముందు ఆ తొమ్మిది మంది మాటకు దక్కాల్సిన మర్యాద దక్కాల. గండికోటను తక్కువ చేసి మాట్లాడే నోరు మా దిక్కున ఎవరికీ లేదు.

సింహాద్రిపురం నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా పోతే చీనీతోటలు వెనకబడి, చెనిక్కాయ చేన్లు వచ్చి, నాపరాళ్ళ గనులు వచ్చి, ఆఖరికి ఎర్రమల కొండలు కనిపిస్తాయి. ఈ దారిలో ఒక వింత ఉంది. మా నేల కింది రాతిని చదివిన భూగర్భ శాస్త్రవేత్తలు పొరలకు మా ఊర్ల పేర్లే పెట్టినారు. కడప బేసిన్‌లో చిత్రావతి వర్గమని ఒకటి. దాంట్లో అడుగుది పులివెందుల క్వార్ట్‌జైట్, నడిమిది తాడిపత్రి పొర, మీదిది గండికోట క్వార్ట్‌జైట్. వయసు వంద కోట్ల ఏండ్లకు ఎంతో మించింది. పులివెందుల దిక్కువాళ్ళం గండికోటకు పోతున్నామంటే కాలంలో కింది మెట్టు నుంచి పై మెట్టుకు ఎక్కుతున్నామన్నమాట. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అన్ని కోట్ల ఏండ్లు దాటేసి, దిగి టీ తాగుతాం.

ఆ మీది పొర అంచున నిలబడి కిందికి చూసినప్పుడు నోట మాట రాదు. జొన్నరొట్టెలు దొంతర పెట్టినట్టు పేర్చిన ఎర్రరాయి, అటు ఒక గోడ, ఇటు ఒక గోడ, నడుమ వందల అడుగుల లోతున పెన్న. నందికొండల దిక్కున పుట్టిన ఏరు, ఏడాదిలో ఎన్నో నెలలు ఇసుకలో దాక్కునే ఏరు, ఈ కొండను ఎట్లా కోసింది? కోయడానికి ఎంతకాలం పట్టింది? లెక్క తెలిసినా నమ్మబుద్ధి కాదు. సాయంత్రం ఎండ పడితే ఎదురు గోడ మండుతుంది. ఆ ఎరుపును ఫోనులో పట్టుకుందామని అందరూ చూస్తారు, ఎవరికీ చిక్కదు.

ఇంకో మాట కూడా చెప్పాల. ఇప్పుడు గండికోట జలాశయంలోకి శ్రీశైలం నుంచి అవుకు దాటి కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. నిండితే 26.85 టీఎంసీలు. అక్కడినుంచి ఎత్తిపోస్తే పార్నపల్లె దగ్గరున్న చిత్రావతి రిజర్వాయరుకు, ఆడినుంచి పులివెందుల దిక్కు తోటలకు. ఆ జలాశయం కింద ఊర్లు మునిగినాయి, ఇండ్లు వదిలి జనం లేచిపోయినారు. అది మరిచి నీళ్ళను పొగడకూడదు. కానీ చీనీకాయ ఒలిచి నోట్లో వేసుకున్నప్పుడు దాంట్లో కృష్ణ ఎంత, పెన్న ఎంత అని అడిగితే మా రైతు కూడా నవ్వి ఊరుకుంటాడు.

కోటలోకి వద్దాం. చాళుక్యుల సామంతుడు కాకరాజు 1123లో మొదలుపెట్టినాడని చెబుతారు. ఆ తర్వాత విజయనగరం వారి కింద పెమ్మసాని నాయకులు ఏలినారు. రాయల యుద్ధాల్లో పెమ్మసాని రామలింగనాయుడి పేరు వినని సీమవాడు ఉండడు. పదిహేడో శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోట పట్టుకున్నాడు. ఈ మీర్ జుమ్లా ఇరాన్‌లో నూనె వర్తకుడి కొడుకు. వజ్రాల వ్యాపారంలో పైకొచ్చి, గోల్కొండలో మంత్రియై, తర్వాత ఔరంగజేబు కొలువులో చేరి, అస్సాం దాకా దండెత్తి, తిరుగుదారిలో 1663లో చనిపోయినాడు. అంత తిరిగినవాడు కొంతకాలం మన ఎర్రమల నెత్తిన కూర్చున్నాడు.

ఆయన్ను చూడడానికి 1652 సెప్టెంబరులో ఒక ఫ్రెంచి నగల వర్తకుడు వచ్చినాడు. పేరు జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలు, రత్నాలు ముందు మీర్ జుమ్లా కంట పడితే తప్ప బేరం సాగదు, అందుకు అంత దూరం వచ్చినాడు. కొండను చెక్కి వేసిన సన్నదారి, పక్కన చూస్తే కళ్ళు తిరిగే లోయ, అడుగున పెద్ద నది. ఆయన రాసుకున్న దారి ఇది. పైన ఊటలతో తడిసే చిన్న మైదానంలో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయని కూడా రాసినాడు. నాకు నచ్చింది మాత్రం ఇంకొకటి. మీర్ జుమ్లా గుడారంలో ఉత్తకాళ్ళతో కూర్చుని, వచ్చిన జాబులను కాలివేళ్ళ సందుల్లో, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఇరికించుకుని, ఒక్కొక్కటి తీసి పక్కనున్న రాతగాళ్ళకు జవాబులు చెబుతున్నాడంట! దక్కనులో సగం రాజకీయం ఆ కాలివేళ్ళ నడుమ ఉంది ఆ పొద్దు.

కోటలో ఫిరంగులు పోయించాలని మీర్ జుమ్లాకు కోరిక. మయ్యే అనే ఫ్రెంచివాణ్ణి పెట్టి, గుళ్ళలోని రాగి విగ్రహాలు తెప్పించి కరిగించమన్నాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని, పూజారులు ఏదో మంత్రం వేసినారని మీర్ జుమ్లా కోపగించుకున్నాడని టావెర్నియర్ చెప్పిన కథ. ఫిరంగుల పని కూడా సరిగ్గా సాగలేదంట. నమ్మినా నమ్మకపోయినా, మాధవరాయస్వామి గుడి ఖాళీ గర్భగుడి ముందు నిలబడినప్పుడు ఆ కథ చెవిలో మోగుతుంది.

ఇదంతా గండికోటకు పోయినవాళ్ళలో ఎందరు చూస్తారు? నా గొడవ అక్కడే మొదలవుతుంది. కారు దిగినవాడు దిగినట్టే లోయ దిక్కు పరుగెత్తుతాడు. ఫొటోలు, మళ్ళీ ఫొటోలు, గుడారంలో ఒక రాత్రి, పొద్దున సంకటి, నాటుకోడి కూర, ఇంటికి. జామియా మసీదు ముందు కొలను, ఆ పక్కన ఏనుగులు దూరేంత ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి, చార్మినార్ అని పిలిచే పావురాల బురుజు, జైలు, రాయలచెరువు, యుద్ధం తర్వాత కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబారేవని చెప్పుకునే కత్తుల కోనేరు... ఊరికి ఊరే అక్కడుంది. ఆ గోడల లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, పొయ్యి మీద ఎసరు పెడుతున్నారు. లోయ అందం ఊరిని మింగేసింది. మనిషి కట్టింది చూడడం నేర్వని కంటికి ప్రకృతి చెక్కింది ముందుగా చూపిస్తే, ఆ కన్ను ఇంక దేనివైపూ తిరగదు.

అందుకే నేను మొదట సిద్ధవటం అంటాను.

సిద్ధవటంలో లోయ లేదు. నేల చదునుగా ఉంటుంది. ఆ చదునే దాని గొప్ప. కొండ ఇచ్చే కాపుదల లేనిచోట కోట కట్టాలంటే మనిషి తన తెలివి మొత్తం బయటికి తీయాల. ఒక పక్క పెన్నే అగడ్త, మిగిలిన పక్కల తవ్విన అగడ్త, ఆపైన నలుచదరపు బురుజులు, చెక్కిన రాళ్ళ గోడ. ఒకప్పటి మట్టికోటను రాతికోటగా మార్చినవాడు మట్లి అనంతరాజు. పదహారు, పదిహేడు శతాబ్దాల సంధికాలపు మనిషి. ఈ మట్లి రాజును నేను ఇష్టపడడానికి గోడ ఒక్కటే కారణం కాదు, ఆయన 'కాకుత్స్థ విజయము' రాసిన కవి కూడా. ఒక చేత్తో పద్యం, ఇంకో చేత్తో బురుజు. వాకిలి దగ్గర తల పైకెత్తి రాతి మీది బొమ్మలు నిదానంగా చూడండి. తొందరపెట్టేవాళ్ళు ఉండరు. గజలక్ష్మి కనిపిస్తుంది. కోట వాకిలిని కవి కట్టిస్తే ఇట్లా ఉంటుందనిపిస్తుంది.

లోపల సిద్ధేశ్వరుడి గుడి ఉంది, బిస్మిల్లా షావలి దర్గా ఉంది. ఒకదాన్నుంచి ఇంకొకదానికి నడిచిపోవచ్చు. మట్లి రాజుల తర్వాత నవాబులు వచ్చినారు. 1779లో హైదరాలీ కడప మీదికి వచ్చినప్పుడు మయానా నవాబు అబ్దుల్ హలీం ఖాన్ ఈ కోటలోకే వచ్చి తలదాచుకుని, ఈ కోటలోనే లొంగిపోయినాడు. కడప నవాబుల పాలన ముగిసింది ఇక్కడే. 1800లో సీమ ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది. ఆ తర్వాత 1808 నుంచి 1812 వరకు జిల్లాకు ముఖ్య పట్టణం సిద్ధవటమే. ఇప్పుడు ఆ వీధుల్లో తిరిగితే, నాలుగేండ్లు జిల్లాను ఏలిన ఊరన్న గర్వం ఎవరి మొహంలోనూ కనిపించదు. చుట్టుపక్కల మేకలు మేస్తుంటాయి. అది నాకు బాగుంటుంది.

గండికోటలో కొండను కోసిన పెన్న ఇక్కడికి వచ్చేసరికి కుందూను, పాపాఘ్నిని కలుపుకుని వెడల్పయింది. వరద లేని రోజుల్లో ఇసుక మేటలు. ఆ ఇసుకలో ఎండాకాలం పండే కర్బూజాలకు సిద్ధవటం పేరు మోసింది. నూరేండ్ల కిందటి గెజిటీరు రాసిన దొర కూడా కోట గురించి రాస్తూ కర్బూజాను మరవలేదు. దొరకు రుచి తెలుసు.

ఇంకో సాక్ష్యం. మద్రాసు నుంచి బయల్దేరిన టావెర్నియర్ కూడా పెన్నకు ఎదురెక్కుతూ వచ్చినాడు. గండికోట కంటే ముందు ఆయన చూసింది సిద్ధవటానికి దగ్గర్లోని ఒంటిమిట్ట. ఆ కోదండరాముడి గుడిని భారతదేశంలోని పెద్ద గుళ్ళలో ఒకటని ఎంచినాడు. దాన్ని చూసి, ఆ తర్వాత గండికోట చేరినాడు. చూసే కన్ను పదును పెట్టుకుని పోయినాడు కాబట్టే లోయ పక్కనున్న వరిమడిని కూడా చూడగలిగినాడని నా వాదం. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు. టావెర్నియర్ పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. పారిస్ జనం మన ఒంటిమిట్టను, గండికోటను ఒకే పుస్తకంలో చదువుకున్నారు.

ఒంటిమిట్ట గురించి ఒక్కమాట ఎక్కువ చెప్పకుండా ఉండలేను. అక్కడ రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే శిలలో. పక్కన హనుమంతుడు లేడు. శిథిలమైపోతున్న ఆ గుడి కోసం వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా బిచ్చమెత్తినారు. రామాయణం మొత్తాన్ని తెలుగులోకి తెచ్చిన పండితుడు, ఆంధ్ర వాల్మీకి అని పేరు పొందినాయన, చిప్ప పట్టి గడపగడపకూ తిరిగినాడు. రాజులు కట్టిన గుడిని నిలబెట్టింది ఆ చిప్పలో పడిన చిల్లర.

ఇక తగువు తీర్చే పద్ధతి నాకు తోచింది ఇది. శ్రీరామనవమి తర్వాత చైత్ర చతుర్దశి రాత్రి ఒంటిమిట్టలో కల్యాణం జరుగుతుంది, వెన్నెల్లో. దానికి పోండి. పోయినరోజు తెల్లవారుజామునే కడప చేరుకుని, ఎండ ముదరకముందే సిద్ధవటం కోట చూసేయండి. మా ఎండలతో పరాచికాలొద్దు, తొమ్మిదికల్లా రాయి కాలుతుంది. కర్బూజా దొరికితే అక్కడే కోసుకుని తినండి. సాయంత్రానికి ఒంటిమిట్ట. ఆ తర్వాత వానలు రావాలి, పెన్న నిండాలి, చలి పట్టాలి. అప్పుడు ముద్దనూరు మీదుగా గండికోటకు పోయి, లోయ దగ్గరికి పోకుండా ముందు ధాన్యాగారంలోకి దూరండి, ఆ చీకట్లో పైకప్పు వంపు చూడండి, మసీదు మెట్ల మీద కాసేపు కూర్చోండి, గుడి గోపురం కిందనుంచి నడవండి. లోయ ఎక్కడికీ పోదు.

లేదు, మాకు ఒక్కరోజే సెలవుంది, ఒక్కటే చూడగలం అంటారా? అయితే ఆ తొమ్మిది మంది మాటే వినండి. గండికోటకే పోండి. నేను ఏమీ అనుకోను. జమ్మలమడుగులో దిగి కారం దోసె తిని బయల్దేరండి.