పన్ను, వాక్కు, వ్యక్తిత్వం: అమెరికాలో వాదనకు రాని ఒక ప్రశ్న

తెలుగు వాక్యంలో కంపెనీ అమహద్వాచకం. "కంపెనీ జీతాలు పెంచింది" అంటారు. తప్పు పట్టవలసి వచ్చినప్పుడు మాత్రం "కంపెనీవాళ్లు మోసం చేశారు" అనడం పరిపాటి. మోసానికి మనుషులే కర్తలు కావాలన్న ఎరుక ఆ 'వాళ్లు'లో ఉంది. అమెరికా న్యాయభాషలోని 'పర్సన్' అన్న మాట ఈ తేడాను పాటించదు. మనిషికీ రైల్వే సంస్థకూ ఒకేలా చెల్లుతుంది. తెలుగులో దానికి స్థిరపడిన 'వ్యక్తి' కూడా అంతే. లాటిన్‌లో దీని మూలపదం నటుడు ధరించే ముఖావరణానికి పేరు. ఆ లెక్కన 'పాత్ర' దానికి దగ్గరి మాట. పాత్ర తనంత తాను పుట్టదు. ఏదో ప్రయోజనం కోసం ఎవరో కల్పిస్తారు. కార్పొరేషన్‌కు ఈ పాత్ర ఏ ప్రయోజనం కోసం దక్కిందన్న ప్రశ్న అమెరికా న్యాయచరిత్రలో పదేపదే పన్ను తగాదాల వెంటే వచ్చింది. వచ్చినప్పుడల్లా దాన్ని నేరుగా తేల్చకుండానే దాటిపోయారు.

అంతర్యుద్ధానంతరం 1868లో ఆమోదం పొందిన పద్నాలుగో సవరణ, ఏ 'వ్యక్తి'కీ చట్టాల సమాన రక్షణను నిరాకరించరాదని రాష్ట్రాలను శాసించింది. బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతీయుల రక్షణే దాని ప్రధానోద్దేశం. కాలిఫోర్నియా 1879 రాజ్యాంగం ప్రకారం ఆస్తిపన్ను లెక్కలో ఇతరులు తనఖా అప్పును ఆస్తి విలువ నుంచి తగ్గించుకోవచ్చు. రైల్వేలకు ఆ వీలు లేదు. తానూ వ్యక్తినే కనుక ఇది వివక్ష అని సదరన్ పసిఫిక్ రైల్‌రోడ్ వాదించింది. 1886లో సుప్రీంకోర్టు ఈ శాంటా క్లారా కౌంటీ వ్యాజ్యాన్ని, రైలుమార్గం వెంట ఉన్న కంచెలకు రాష్ట్ర బోర్డు తన అధికారం మీరి విలువ కట్టిందన్న చిన్న కారణంతో ముగించింది. రాజ్యాంగ ప్రశ్న జోలికి తీర్పు పోలేదు. అయితే వాదనకు ముందు ప్రధాన న్యాయమూర్తి మారిసన్ వెయిట్, కార్పొరేషన్లకు ఆ సవరణ వర్తిస్తుందా అన్న విషయంపై వాదన వినదలచుకోలేదనీ, వర్తిస్తుందనే న్యాయమూర్తులందరి అభిప్రాయమనీ అన్నారు. తీర్పుల నివేదకుడు బాంక్రాఫ్ట్ డేవిస్ ఆ మాటను తీర్పుకు ముందుంచే సారాంశంలో చేర్చారు. సారాంశం తీర్పులో భాగం కాదు. అయినా 1889 నాటికే న్యాయస్థానం దాన్ని స్థిరపడిన విషయంగా ఉదహరించింది. మూలంలోకి వ్యాఖ్య చొరబడడం గ్రంథ పరిష్కర్తలకు కొత్త సంగతి కాదు. ఇక్కడ ప్రక్షిప్తమే రాజ్యాంగమైంది.

1896 ప్లెస్సీ తీర్పులో అదే న్యాయస్థానం నల్లజాతీయులను రైలుపెట్టెల్లో వేరుచేయడాన్ని సమర్థించింది. సవరణ ఎవరి కోసం వచ్చిందో వారికి దూరమై, రైలు యజమానికి అందుబాటులోకి వచ్చింది. 1938లో న్యాయమూర్తి హ్యూగో బ్లాక్, ఒక బీమా సంస్థపై కాలిఫోర్నియా వేసిన పన్ను వివాదంలో, 'వ్యక్తి' అన్న మాటలో కార్పొరేషన్ లేదని ఒంటరిగా అసమ్మతి రాశారు. ఆ వాదానికి బలం చేకూరలేదు.

అసలు మలుపు 1978 నాటి బెలొట్టి తీర్పు. మసాచుసెట్స్‌లో ఆదాయంతోపాటు రేటు పెరిగే వ్యక్తిగత ఆదాయపు పన్నును అనుమతించే ప్రతిపాదన 1976లో ఓటర్ల ముందుకు వచ్చింది. తమ వ్యాపారాన్ని గణనీయంగా ప్రభావితం చేయని ప్రజాభిప్రాయ సేకరణల్లో కార్పొరేషన్లు డబ్బు ఖర్చు చేయరాదని రాష్ట్ర చట్టం. వ్యక్తుల పన్నుకు మాత్రమే సంబంధించిన ప్రశ్న అటువంటిదేనని ఆ చట్టమే నిర్దేశించింది. రెండు బ్యాంకులు, మూడు వ్యాపార సంస్థలు దాన్ని సవాలు చేశాయి. తాము చెల్లించని పన్నుపై మాట్లాడే హక్కును కోరాయి. ప్రతిపాదన ఓటింగులో ఓడిపోయింది. హక్కు మాత్రం 5-4 తేడాతో సంస్థలకు దక్కింది. కార్పొరేషన్‌కు వాక్స్వాతంత్ర్యం ఉందా అన్నది సరైన ప్రశ్నే కాదని న్యాయమూర్తి పావెల్ రాశారు. మాట విలువ వక్తను బట్టి మారదన్నది తీర్పు సారం. 2010 సిటిజన్స్ యునైటెడ్ తీర్పు ఎన్నికలలో సంస్థలు స్వతంత్రంగా చేసే ఖర్చుకు పరిమితులను తొలగించింది ఈ తర్కం పైనే. అభ్యర్థులకు నేరుగా విరాళమివ్వడంపై 1907 నుంచి ఉన్న నిషేధం అలాగే ఉంది. కార్పొరేషన్ మనిషి అని ఈ తీర్పు ప్రకటించిందన్న ప్రచారం సరికాదు. 1886లో వినని వాదనను 1978లో అనవసరమన్నారు, తేడా అంతే.

ఈ తర్కానికి బలం లేకపోలేదు. పత్రికలూ కార్పొరేషన్లే, సంస్థ నోరు మూయించే అధికారం ప్రభుత్వానికిస్తే మొదట మూగబోయేవి అవే కావచ్చు. అయితే పత్రికకు పాత్ర దక్కిందే మాట్లాడడానికి. బ్యాంకుకు దక్కింది అందుకు కాదు. శాశ్వత జీవితం, పరిమిత బాధ్యత ఆర్థిక ప్రయోజనాల కోసం రాష్ట్రం ఇచ్చిన వరాలనీ, రాజకీయ రంగంలో అవే ప్రమాదకరం కావచ్చనీ బెలొట్టిలో రెన్‌క్విస్ట్ అసమ్మతి రాశారు. ఆయన వామపక్షీయుడు కాదు. అంతకన్న లోతైన చిక్కు మరొకటుంది. పన్ను మీద పౌరుడి మాటకు నైతిక విలువ రావడానికి కారణం, అతడు తనకు నష్టమైనా సరే ఒప్పుకోగలగడం. బడి కోసం, పొరుగువాడి కోసం తనపై భారం పెంచుకొనే ఓటు ధనికుడూ వేయగలడు. వాటాదారుల ధనానికి ధర్మకర్త అయిన నిర్వాహకుడికి ఆ స్వేచ్ఛ చాలా తక్కువ. పైగా ఆ పన్నును కోరే వాటాదారు సొమ్ముతోనే దానికి వ్యతిరేక ప్రచారం సాగవచ్చు.

పన్ను కట్టే వేళ వాదం తిరగబడుతుంది. 2011 ఆగస్టులో అయోవా సంతలో, పన్ను కార్పొరేషన్లపై వేయమని కేక వేసినవారికి మిట్ రామ్నీ, కార్పొరేషన్లు మనుషులేననీ, వాటి సంపాదన చివరకు మనుషులకే చేరుతుందనీ బదులిచ్చారు. ఆర్థికంగా అది తప్పు కాదు. లాభంపై ఒకసారి, డివిడెండుపై మరోసారి పన్ను పడుతుందన్నదీ నిజం. 2017 చట్టం కార్పొరేట్ రేటును 35 నుంచి 21 శాతానికి దించింది. వ్యక్తుల గరిష్ఠ రేటు 37 శాతం. కాని పన్ను దగ్గర లోపల మనుషులు తప్ప మరేమీ లేదని చెప్పే సంస్థ, ప్రచారం దగ్గర ఆ మనుషులను అడగకుండా తానే మాట్లాడుతుంది. తెలుగు వాడుకలోని 'కంపెనీ', 'కంపెనీవాళ్లు' అన్న రెండు రూపాలనూ అవసరానుగుణంగా మార్చుకోవడమే ఇది.

భారత న్యాయంలో దేవతా న్యాయవ్యక్తే. ఆదాయపు పన్ను చట్టం కింద దేవతపై పన్ను వేయవచ్చని సుప్రీంకోర్టు 1969లో తీర్పునిచ్చింది. ఆస్తి ఉంది కనుక పన్ను. ఓటు హక్కు ఎవరూ కోరలేదు. పాత్ర ప్రయోజనం దాటలేదు.

మసాచుసెట్స్ ఓటర్లు 2022 నవంబరులో పది లక్షల డాలర్లకు మించిన వ్యక్తిగత ఆదాయంపై 4 శాతం అదనపు పన్నును ఆమోదించారు.